కారు తోసిన డేవిడ్

నిన్న దుబాయ్ కరామా పేటలో ఒకాయన ఆగిపోయిన కారును తోస్తుంటే, వేడెక్కిన టైరు వాసనకు డేవిడ్ గుర్తొచ్చాడు.

ఎనభైల్లో మా అమ్మ ఈ ఊళ్ళోనే ఒక అమెరికా ఇంజనీరు ఇంట్లో పనిచేసేది. నన్నూ వెంట తీసుకెళ్ళేది. డేవిడ్ ఆయన కొడుకు, గుమ్మం పట్టనంత మనిషి. రోజూ పొద్దున్నే తండ్రి కారును ఇసుకలో తోసేవాడు. కారు పాడైందనుకుని నేనూ వెనక చెయ్యి వేసేదాన్ని.

"బాగుచేయించుకోరేంటమ్మా?" అని అడిగాను.

"కారు బాగానే ఉందే. వాళ్ళ దేశంలో ఫుట్‌బాల్ అంటే ఒకళ్ళనొకళ్ళు తోసుకునే ఆటంట. పెద్ద జట్లేవీ ఈ బాబుని ఎంచుకోలేదంట. బలం పెంచుకుని మళ్ళీ ఎళ్తాడంట," అంది అమ్మ, అతని చేతికి మజ్జిగ గ్లాసు ఇస్తూ. మెట్టు మీద కూలబడ్డ డేవిడ్ దాన్ని గటగటా తాగేశాడు.

రెండుసార్లు వెళ్ళి తిరిగొచ్చాడు. మూడోసారి ఒక జట్టు ఉంచుకుంది.

ఇంజనీరుగారు ఫొటో తెచ్చి చూపించారు. డేవిడ్ ముందు వరుసలో వంగి ఉన్నాడు. ఎదుటివాళ్ళను అడ్డుకోవడమే అతని పనట, బంతి ముట్టుకోడట. ఇంత కష్టం ఇందుకా అని నాకు ఏడుపొచ్చింది.

అమ్మ తడి చేతులు తుడుచుకుని ఫొటో అందుకుంది. చాలాసేపు చూసి, "నిలబడ్డాడు బాబు," అంది.

ఆ మాట ఎంత అలసటలోంచి వచ్చిందో, పరాయి ఊళ్ళో నా ఉద్యోగం నేను నిలుపుకున్నాకే తెలిసింది.