తప్పులు పట్టే కళ్ళు

2024 వానాకాలం. ముంబై దగ్గరి భివండీలో, కనేరిలో మా సేఠ్ కార్ఖానా. పైన రేకుల కప్పు కారుతోంది, కింద నలభై ఎనిమిది సాంచాలు ఆడుతున్నాయి. సాంచా అంటే మా సిరిసిల్ల వైపు మరమగ్గానికి పేరు. నేను సాంచా నడపను. దాని మీద నుంచి దిగిన బట్టను చూస్తాను. నా పేరు లక్ష్మి, నా పని చెకింగ్. ఇరవై ఆరేళ్ళుగా అదే టేబుల్ ముందు నిలబడుతున్నాను. కూర్చోవడానికి స్టూల్ ఇచ్చారు కానీ కూర్చుంటే కన్ను బద్ధకిస్తుంది.

పని తెలియనివారి కోసం నాలుగు మాటలు. సాంచా నుంచి కోసి తెచ్చిన బట్ట చుట్టను తాకా అంటారు. దాన్ని ఏటవాలు గాజు టేబుల్ మీదుగా లాగుతాం. గాజు కింద ట్యూబులైట్లు వెలుగుతుంటాయి. పడుగు పోగు తెగి సందు పడితే మిస్సింగ్ ఎండ్. రెండు పేక పోగులు ఒకే దారిన పోతే డబుల్ పిక్. పోగులు అల్లుకోకుండా సాలెగూడులా పైన తేలితే జాలా. తప్పు కనబడగానే దానికి నేరుగా బట్ట అంచున ఎర్రదారం ముడి వేస్తాం. రఫూ చేసేవాళ్ళు, అంటే సూదితో పోగులు సరిచేసేవాళ్ళు, ఆ ముడిని చూసి తప్పును వెతుక్కుంటారు. ఈ పనికి మేం నలుగురం ఆడవాళ్ళం. అందరిలో చిన్నది రేణుక, నా పక్క టేబుల్.

మేఘన మా గల్లీ పిల్ల. కల్యాణ్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడు, కంప్యూటర్. నన్ను అత్తా అంటుంది. బొమ్మలు బాగా వేస్తుంది. నిజాంపురాలోని ఒక బట్టల దుకాణానికి డ్రెస్ మెటీరియల్ అంచులు, బుటాలు గీసి ఇచ్చేది. ఆ ఏడు దుకాణదారు ఇక నీ బొమ్మలు వద్దన్నాడు. ఏఐకి చెబితే ఫోన్‌లోనే ఇరవై డిజైన్లు వస్తున్నాయట. పిల్ల మా ఇంటికొచ్చి నిప్పులు కక్కింది.

"గది కళ కాదత్తా, చోరీ! ఎవలెవలో గీసినయన్ని మింగి కక్కుతది. ఆర్ట్ల ఏఐ ఉండొద్దు, బస్!"

నేనూ ఔనన్నాను. చాయ్ పోసి ఇచ్చాను. నెల తిరగకముందే అదే పిల్ల మా కార్ఖానాలో ప్రత్యక్షమైంది. చేతిలో కెమెరా, పక్కన సేఠ్. కాలేజీ ప్రాజెక్టట. బట్టలో తప్పుల్ని మనిషి బదులు ఏఐ పట్టుకుంటుందట.

"ఏంది పిల్లా, నీ బొమ్మలు మిషన్ గీస్తె చోరీ. నా పని మిషన్ చేస్తె ప్రాజెక్టా?" అన్నాను.

"గది వేరే, గిది వేరే అత్తా. డిజైన్ ఆర్ట్. చెకింగ్ అంటె సైన్స్. నువ్వు జస్ట్ చూస్తున్నవ్ గదా!"

జస్ట్ చూస్తున్నానట. తనదాకా వస్తే గానీ తెలియదంటారు. ఈ పిల్లకు తనదాకా వచ్చింది, అయినా తెలియలేదు. నాకు ఒళ్ళు మండింది. సేఠ్ ఎదురుగా ఉన్నాడు కాబట్టి పంటి బిగువున ఊరుకున్నాను.

మూడు వారాలు ఫొటోలు తీసింది. నేను తప్పు చూసి ముడి వేయడం, తను ముడి దగ్గరికి వచ్చి క్లిక్ మనిపించడం. తప్పు ఎక్కడుందో తన కంటికి ఆనదు కాబట్టి ఎర్రదారమే దారి చూపేది. మంచి బట్టకు కూడా ఫొటోలు తీసింది. ఇవన్నీ చూపిస్తే ఏఐ దానంతటదే తేడా నేర్చుకుంటుందని చెప్పింది.

నెలాఖరున సేఠ్ ముందు పరీక్ష పెట్టింది. నేను చూసి ముడులు వేసిన తాకానే కెమెరా కింద లాగింది. తప్పు వచ్చిన ప్రతిసారీ టింగుమని మోగింది. ఒక్కటి కూడా వదల్లేదు. సేఠ్ చప్పట్లు కొట్టాడు.

"వా బేటీ! అగ్లే మహీనే సే దో ఔరత్ బస్," అన్నాడు. వచ్చే నెల నుంచి ఇద్దరు ఆడవాళ్ళు చాలు అని. రేణుక చేతిలోని కత్తెర టేబుల్ మీద పెట్టేసింది. చివర చేరింది తనే కాబట్టి ముందు పోయేదీ తనే. మేఘన నవ్వు సగంలో ఆగిపోయింది. నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున కెమెరా నడుస్తుండగానే నేను కొత్త తాకా లాగుతున్నాను. అరచేయంత జాలా వచ్చింది. మిషన్ కిక్కురుమనలేదు. నేను వంగి ముడి వేశాను. టింగ్. ముడి విప్పాను. మౌనం. మళ్ళీ వేశాను. టింగ్. నాకు అనుమానం వచ్చి, ఏ మచ్చా లేని చోట కావాలని ఒక ఎర్రదారం కట్టాను. టింగుమంది! నేను పకపకా నవ్వుతుంటే రేణుక పరుగెత్తుకొచ్చింది. మూడు వారాలుగా అది నేర్చుకున్నది మా ఎర్రదారాన్ని. బట్టను అది చూడనే లేదు.

పిల్లను పక్కకు పిలిచి చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. సేఠ్‌నీ తననీ పిలిపించి ఇద్దరి ముందూ ముడి వేశాను, విప్పాను, ఇంకోచోట వేశాను.

"చూడున్రి సేఠ్! దీని తలకు నా దారమే దిక్కు. ఇగ నలుగుర్ల ఎవల్ని తీస్తరో తీయున్రి!"

సేఠ్ ముఖం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. మేఘన ఏడుస్తూ వానలోనే బయటికి నడిచింది. మధ్యాహ్నం దాకా నాకు కడుపు నిండినట్టుంది. సాయంత్రానికి అంత గొప్పగా అనిపించలేదు. చిన్నపిల్ల, ఇంటిమనిషి లాంటిది, దాన్ని నలుగురిలో నిలబెట్టి పరువు తీశాను.

ఆదివారం తనే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అత్తా, ఏఐ అంతా బక్వాస్. సైన్స్ల గుడ్క బక్వాసే. ప్రాజెక్ట్ ఇడిసిపెడ్తున్న."

"మొన్న చోరీ అన్నవ్. నిన్న దాన్ని నెత్తిన పెట్టుకున్నవ్. ఇయ్యాల బక్వాస్. నీకు అభిప్రాయాలు గింత జల్ది ఎట్ల మారుతయే? నువ్వేం చూపెట్టినవో గదే నేర్చింది పాపం. తప్పు చూపెట్టినవా? నా దారం చూపెట్టినవ్."

చున్నీతో ముఖం తుడుచుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

"మరి నీకు ఎట్ల కనవడ్తది అత్తా? దారం లేకముందు?"

ఇరవై ఆరేళ్ళలో ఈ మాట నన్ను ఎవరూ అడగలేదు. సేఠ్ అడగలేదు, మా ఇంటాయన అడగలేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కనబడకుండా పిల్లను కసిరాను. "రేపు టేబుల్ కాడికి రా. కెమెరా తేకు."

పదిహేను రోజులు నా పక్కన నిలబడింది. తప్పు కోసం వెతకొద్దన్నాను. వెతికితే కన్ను ఒక్కచోట చిక్కుకుంటుంది, మిగతా బట్ట దాటిపోతుంది. బట్టను పోనిస్తూ ఉండు, నడుస్తుంటే కాలు తట్టుకున్నట్టు కన్ను ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆపు అన్నాను. మొదటి వారం ఏమీ దొరకలేదు, తలనొప్పి మాత్రం వచ్చింది. పదో రోజున "ఆగత్తా!" అని అరిచింది. సన్నటి డబుల్ పిక్. నిజంగానే ఉంది. కార్ఖానా అంతా వినబడేలా గెంతింది.

అప్పుడు మళ్ళీ ఫొటోలు మొదలుపెట్టింది, ఈసారి ముడి వేయకముందు. ప్రతి ఫొటోకూ మేం నలుగురం తప్పు పేరు చెప్పేవాళ్ళం, తను రాసుకునేది. ఒకరోజు స్లబ్ బట్ట వచ్చింది. అందులో దారం అక్కడక్కడ కావాలనే లావుగా వడుకుతారు. మిషన్ ఆ లావు కనబడిన చోటల్లా తప్పు తప్పని మోగింది.

రేణుక నవ్వింది. "గది తప్పు గాదే మేఘనా, సొగసు. ఈ లావు ఖరాబు, గా లావు మంచిగ. తేడా కనవడ్తలేదా?"

మేఘన పెన్ను ఆపేసింది. "సైన్స్ అనుకున్న గదా అత్తా నేను దీన్ని," అంది. ఆ రోజు ఇంక ఫొటోలు తీయలేదు, రేణుక పక్కనే నిలబడి ఆ బట్టనే చూస్తూ ఉండిపోయింది.

రెండో పరీక్షలో ముడులు లేవు. మిషన్ బాగానే పట్టింది. అన్నీ కాదు, చాలా వరకు. దాచను, నేను దాటేసిన ఒక మిస్సింగ్ ఎండ్‌ను కూడా పట్టింది. కళ్ళద్దాలు తుడుచుకుని చూశాను, అది చెప్పిందే నిజం. నా కళ్ళకు వయసొచ్చిందని నాకు ముందే తెలుసు, మిషన్ నోట వినాల్సి వచ్చింది.

సేఠ్ వెంటనే పాత పాట ఎత్తుకున్నాడు. ఇప్పుడు పక్కా అయింది, ఇద్దరు చాలు.

మేఘన కెమెరా వైరు పీకి చేతికి చుట్టుకుంది. హిందీలో అన్నా నాకు ఇప్పటికీ తెలుగులోనే గుర్తుంది: "నలుగురుంటేనే ఇది ఇక్కడ నడుస్తది సేఠ్‌జీ. ఒక్కల్ని తీసినా నేనియ్య."

"నువ్వు కాకుంటే మార్కెట్లో పదిమంది ఉన్నారు," అన్నాడు సేఠ్. అదీ నిజమే.

నేను ముందుకొచ్చాను. "తెచ్చుకోన్రి సేఠ్. పదిమంది కాకుంటె వందమందిని తెచ్చుకోన్రి. మీ కాడికి నెలకో కొత్త రకం బట్ట వస్తది. ఏది తప్పు, ఏది సొగసు, గా మిషన్‌కు ఎవలో ఒకలు చెప్పాలె. మేం నలుగురం చెప్పం."

"నేనూ చెప్ప," అంది రేణుక. పోతే ముందు పోయేది తనేనని తెలిసీ అంది. మిగతా ఇద్దరూ వచ్చి మా పక్కన నిలబడ్డారు.

సేఠ్ విసురుగా ఆఫీసులోకి పోయాడు. మూడు రోజుల తర్వాత లెక్కలు రాసే మున్షీ వచ్చి, మిషన్ ఉంటుంది, మీరు నలుగురూ ఉంటారు అని చెప్పాడు. ఎన్నాళ్ళో చెప్పలేదు, మేం అడగలేదు.

మేఘన రిపోర్టు మొదటి పేజీలో మా నలుగురి పేర్లు రాసింది, పైన 'చూపు నేర్పినవారు' అని. వాళ్ళ సార్ కొట్టేయమన్నాడట, లేబర్ పేర్లు ఎందుకు, 'డేటా సోర్స్' అని రాస్తే సరిపోతుంది అని. కొట్టేయలేదు. మార్కులు తగ్గాయి.

"తగ్గనీ," అంది నాతో. ఏఐ గురించి ఇప్పుడేమంటావే అని అడిగాను. "ఎవల దగ్గర నేర్చిందో చెప్పి, వాళ్ళ పనిని ఉండనిస్తె మంచిదే అత్తా. బొమ్మలకైనా, బట్టకైనా. చెప్పకుంటె రెండు దిక్కుల చోరీనే," అంది. ఇది కూడా మారుతుందేమో. మారితే మళ్ళీ నాతోనే వాదిస్తుంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. ఇన్నేళ్ళూ తప్పు పట్టి చెప్పడమే నా బలం అనుకున్నాను, చెప్పననడం కూడా బలమే. రేపు ఇంకో సేఠ్ ఇంకో మిషన్ తేవచ్చు, నా కళ్ళు ఇంకా మసకబారవచ్చు. తేనీ, మసకబారనీ. ఈ తలలో ఉన్నది నేను నోరు తెరిస్తేనే బయటికి వస్తుంది. ఎప్పుడు తెరవాలో, ఎవరి కోసం మూసుకోవాలో నేనే చెబుతాను.