స్కాన్ చేయని మాస్టర్ ఫ్లాపీ

తొంభైల నడుమ ఒక చలికాలం. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఒక కంపెనీలో నన్ను రిలీజ్ ఇన్‌చార్జిగా వేశారు. ప్రోగ్రాం రాయడం నా పని కాదు. రాసి, పరీక్షించి, ఖాయం చేసిన ప్రోగ్రాంను ఒక ఫ్లాపీలోకి ఎక్కించి భద్రపరచడం, దాని కాపీలను కార్ల ప్లాంట్లకు పంపడం నా బాధ్యత. ఆ అసలు ఫ్లాపీని మాస్టర్ అనేవాళ్లం. బయటి నుంచి వచ్చే ప్రతి ఫ్లాపీనీ, అది ఎవరిదైనా సరే, నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక విడి పీసీలో పెట్టి వైరస్ ఉందేమో స్కాన్ చేశాకే వాడాలి. ఆ రూలు రాసింది నేనే. ఆ పీసీ దగ్గర కూర్చునేది సురేష్. హెచ్-1బి వీసా మీద, కాంట్రాక్టులో మా దగ్గరికి వచ్చినవాడు. అతని పనికి సంతకం పెట్టేది కూడా నేనే.

ఆ చలికాలమే మా ఇంటికి మొదటి కంప్యూటర్ కొన్నాను. బేస్‌మెంట్‌లో హీటర్ పక్కన పెట్టాను. ఆఫీస్ పని కోసమని మా ఆవిడతో చెప్పాను కానీ, నిజానికి కొన్నది ఒక కారు రేసు గేమ్ కోసం. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందులకు మనవాళ్లు పులిహోర ట్రేలతో పాటు గేమ్ ఫ్లాపీలు కూడా తెచ్చేవారు. భోజనాలు అయ్యేలోపు కాపీలు చేతులు మారేవి. నా గేమ్ కూడా అలా వచ్చిందే. హార్డ్‌డిస్క్ గరగరమంటుంటే, గేమ్ లోడ్ అయ్యేదాకా కుర్చీ అంచున కూర్చుని ఎదురుచూసేవాణ్ని. నలభై దాటిన మనిషిని.

ఒక శనివారం సురేష్, గర్భవతి అయిన భార్యను తీసుకుని మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మేమిద్దరం బేస్‌మెంట్‌లోకి దిగి పోటీపడి రేసు ఆడాం. మలుపు వచ్చిన ప్రతిసారీ నా కారు గోడకు గుద్దుకునేది.

"బ్రేకుల కంపెనీలో జీతం తీసుకుంటూ ఒక్కసారి కూడా బ్రేకు వేయరేంటి అన్నయ్యా!"

"నీ వెనకాల దుమ్ము తినలేక."

"తినండి, తినండి. పైన వంకాయ కూర ఇంకా ఉడకలేదట."

మధ్యలో స్క్రీన్ బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే సగంలోనే ఆగింది. ఇంకోసారి చేస్తే వచ్చింది. సురేష్ నవ్వడం మానేశాడు.

"వైరస్‌లా ఉంది అన్నయ్యా. ఆఫీస్ ఫ్లాపీ ఏదీ ఇందులో పెట్టకండి."

"కొత్త మిషన్‌రా బాబూ" అన్నాను.

మర్నాడు ఆదివారం. ప్రోగ్రాంలో ఏం మారిందో ప్లాంట్‌కు చెప్పే రిలీజ్ నోట్స్ ఇంట్లో రాద్దామని మాస్టర్‌ను శుక్రవారమే ఆఫీస్ నుంచి వెంట తెచ్చుకున్నాను. ఫ్లాపీ మూలన ఒక చిన్న ప్లాస్టిక్ మీట ఉంటుంది. దాన్ని ఒక పక్కకు జరిపితే ఫ్లాపీ మీద ఏదీ రాయడం కుదరదు. నోట్స్ అందులోనే సేవ్ చేయాలని మీటను రెండో పక్కకు జరిపాను. నోట్స్ రాశాను. మధ్యమధ్య రేసులూ ఆడాను.

సోమవారం ఆఫీస్‌లో కొరియర్ మనిషి వచ్చి నిలబడ్డాడు. సురేష్ చెయ్యి చాపాడు. "స్కాన్ చేసి ఇస్తాను మూర్తి గారూ." ఇంట్లో అన్నయ్యను, ఆఫీస్‌లో మూర్తి గారిని.

"నా చేతి మీదుగా వచ్చిందే కదా, వదిలెయ్. కాపీలు తీసెయ్."

కాపీలు తీశాడు.

ఆ కాపీలతో పాటే వెళ్లిన వైరస్ వల్ల ప్లాంట్‌లో బ్రేకులను పరీక్షించే టెస్ట్ బెంచ్ పీసీలు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. కార్లలోని బ్రేకులకు ఏ ప్రమాదమూ జరగలేదు. అయినా పని నిలిచిపోయింది, కస్టమర్ మండిపడ్డాడు. మా మేనేజర్ విచారణకు మా ఇద్దరినీ కూర్చోబెట్టి, స్కాన్ జరిగిందా అని నన్ను అడిగాడు. ప్రతి ఫ్లాపీనీ స్కాన్ చేయాలన్నది రూలు, దీన్ని చేయలేదు అని చెప్పాను. రెండూ నిజాలే. అవి నిజాలు కావడం వల్లే అంత తేలిగ్గా చెప్పగలిగాను.

సురేష్ నా వైపు చూశాడు. నేను నోరు తెరవడానికి ఆ కాస్త సమయం చాలు. తెరవలేదు. అప్పుడతను మేనేజర్ వైపు తిరిగి, అవును, స్కాన్ చేయలేదు అన్నాడు. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. కాంట్రాక్టు మనిషి మాట నమ్మరనుకున్నాడో, నా ఇంట భోంచేశానని ఊరుకున్నాడో నాకు తెలియదు. అడిగే ముఖం నాకు లేకపోయింది.

అతని కాంట్రాక్టు పొడిగించలేదు. వీసా నిలవాలంటే వెంటనే ఇంకో ప్రాజెక్టు దొరకాలి. నిండు నెలల భార్యతో నార్త్ కరోలినాలోని మోరిస్‌విల్‌లో ఒక స్నేహితుడి ఇంటికి చేరాడు. అక్కడి నుంచి ఫోన్ చేసి, రిఫరెన్స్ ఇస్తారా అని అడిగాడు. చాలా గొప్పగా ఇచ్చాను. ఉద్యోగం వచ్చింది. దాంతో లెక్క సరిపోయిందనుకున్నాను.

కృతజ్ఞత చెప్పడానికి అతనే మళ్లీ ఫోన్ చేశాడు. పాప పుట్టిందని చెప్పాడు. పెట్టేసే ముందు, "గేమ్ ఎంతవరకు వచ్చింది అన్నయ్యా? ఇప్పుడైనా బ్రేకు వేస్తున్నారా?" అన్నాడు.

నవ్వాను. చెప్పాల్సింది చెప్పకుండా నవ్వాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎన్నో విచారణలు నడిపాను. పని ఎవరు చేయలేదని అడిగేముందు, చేయొద్దన్నది ఎవరని అడగడం అలవాటు చేసుకున్నాను. చాలాసార్లు జవాబు పై హోదాలోనే దొరికేది. ఆ రోజు మా విచారణలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు తెలిసినవాళ్లం మాత్రం గదిలో ఇద్దరం ఉన్నాం. చెబితే నమ్మేంత హోదా ఉన్నది నాకు.