బుల్లెమ్మ కొత్త బొటనవేలు

గాజు తొడగడమంటే గాజును తోయడం కాదు, చేతిని చిన్నది చేయడం. పటాన్‌చెరులో బుల్లెమ్మ వాడకట్టు ఆడవాళ్లందరికీ ఈ మాట ఆమె నోటనే తెలుసు. వాళ్లను మాటల్లో పెట్టి, బొటనవేలి కింది ఎముకను తన బొటనవేలితో లోపలికి నొక్కేది. నొప్పి అనేలోపు గాజు మణికట్టు దాటేది.

ఆ బంగారంలాంటి వేలే తొంభై ఆరులో అట్టపెట్టెల కంపెనీ మిషన్లో నలిగింది. గాజుల బేరం పండగలకే కదా, మిగతా రోజులు కంపెనీకి పోక తప్పదు మరి!

“ఎముక బయటపడిందమ్మా, వట్టి తోలు అతికిస్తే పట్టదు” అన్నాడు ఆసుపత్రి డాక్టరు. “చూపుడువేలి వెనకవైపు తోలును రక్తనాళం, నరంతో సహా తిప్పి బొటనవేలికి కుడతాం. ఖాళీ అయినచోట తొడమీది పల్చటి తోలు వేస్తాం.”

“గాజు తొడగొస్తదా సారూ?”

పాపం, ఆయన్ను ఎవరూ అలా అడిగి ఉండరు. “అన్నం కలుపుకుంటావు, బిందె ఎత్తుతావు. గాజుల సంగతి నువ్వే నాకు చెప్పాలి” అని నవ్వాడు.

కుట్లు మానాయి, వేలు నిలిచింది. కానీ చోద్యం చూడండి, బొటనవేలితో దేన్ని ముట్టుకున్నా చూపుడువేలి మీద తాకినట్టుండేది! ఎదురింటి అరుణమ్మకు గాజు తొడగబోతే ఠప్పున పగిలి రక్తం వచ్చింది. “ఏం గాదు వదినా” అని అరుణమ్మ కొంగుతో తుడుచుకుంది. కానీ వచ్చే శుక్రవారం ఆమె బిడ్డ శ్రీమంతం. కడుపుతో ఉన్న పిల్ల చేతిలో గాజు పగిలితే ఎంత అపశకునం! వేరేవాళ్లను పిలుస్తానని అరుణమ్మ అనలేదు, పిలవనని కూడా అనలేదు. ఆ పిల్ల చేతికి మొట్టమొదటి గాజు వేసింది బుల్లెమ్మే. బుల్లెమ్మ కంచం పక్కకు నెట్టేసింది.

మొగుడు పెంటయ్య వెల్డింగ్ పని చేస్తాడు. చేతులు ఇటుకలే. డ్యూటీ దిగి వచ్చి ఆమె ముందు చెయ్యి చాపాడు.

“నాకు తొడుగు.”

“సిగ్గు లేదా?”

“పెండ్లాం ముంగట సిగ్గేంది? జల్దీ కానియ్యి.”

గాజుల మలారంలో అన్నిటికంటే పెద్దవి తీసింది. రోజూ పగిలేవి, రోజూ గీరుకుపోయేవి. ఆయన మూలిగితే ఈమె తిట్టేది, తిట్టి ఏడ్చేది. చివరికి తప్పు ఎక్కడుందో దొరికింది. స్పర్శ చూపుడువేలి మీద తెలుస్తుంటే, బొటనవేలు ఇంకా పట్టలేదనుకుని మరింత గట్టిగా నొక్కుతోంది! గురువారం తన వేలి మాట వినడం మానేసి మొగుడి మొహమే చూసింది. కనుబొమ్మ ముడిపడగానే పట్టు సడలించింది. ఆకుపచ్చ గాజు సర్రున దిగింది. వరసగా నాలుగు!

ఎక్కాయి సరే, దిగవే! సబ్బు రాసినా లాభం లేదు.

“పగలగొట్టు” అన్నాడు పెంటయ్య.

“ఛీ, నోరు ముయ్యి! రేపు శ్రీమంతం పెట్టుకొని గాజు పగలగొడ్తనా?”

తెల్లారి చొక్కా చేతులు కిందికి దించుకుని డ్యూటీకి బయల్దేరాడు. వీధిలో సైకిలెక్కబోతుంటే గాజులు గల్లుమన్నాయి.

“అరే పెంటయ్య భాయ్, చేతికి గాజులేంది!” జోడీగా డ్యూటీకి పోయే సాదుల్లా అరిచాడు. వీధంతా ఘొల్లుమంది. మలారంతో గడపలో నిలబడ్డ బుల్లెమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పెంటయ్య సైకిలుకు స్టాండు వేశాడు. చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, అరుణమ్మ గుమ్మం వైపు చూస్తూ చెయ్యి పైకెత్తాడు.

“మా ఇంటామె తొడిగింది భాయ్! గీ ఇనుప చేతికే తొడిగింది. ఒక్కటన్న పగిలిందా? సూడు!”

నవ్వులు ఆగిపోయాయి. గుమ్మంలో నిలబడ్డ అరుణమ్మ ఆ నాలుగు గాజులనూ కళ్లారా చూసింది.

“వదినా, ఇంకా గడపలనే ఉన్నవా?” అని కేకేసింది. “జల్దీ రా, పిల్ల పీట మీద కూసుంది.”