భూరా కూర్చున్న గోనె

ఖాళీ గోనెసంచి దులిపితే ఒక వాసన వస్తుంది. ఎండిన నార, బియ్యపు దుమ్ము, ఓడ అడుగున వారాల తరబడి మగ్గిన చెమ్మ, అన్నీ కలిసిన వాసన. నిన్న మా వరండాలో అదే గుప్పుమంది. పిల్ల సెలవులకు వచ్చే వారం మా కుక్క లడ్డూను వెంటబెట్టుకుని, దీవుల ఉత్తరపు కొసనున్న డిగ్లీపూర్ వెళ్తున్నాం. కారు సీటు మీద పరచడానికి గోనె కావాల్సిందేనని మా అమ్మాయి బజారంతా తిరిగి తెచ్చింది. లడ్డూగారి పళ్లెం, నీళ్ల సీసా, గోమార్ల మందు, చిరిగిన బంతి, ఒక్కొక్కటీ సంచిలో సర్దుతూ అది పండగ చేసుకుంటోంది. నేను మాత్రం గోనె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ దీవుల్లోనే పుట్టి పెరిగి డిగ్లీపూర్ ముఖం చూడని మనిషిని నేను. ఎవరైనా అడిగితే దూరమనీ, బస్సు పడదనీ చెప్తూ వచ్చాను. బస్సు నాకు బాగానే పడుతుంది.

నా చిన్నప్పుడు మా ఇల్లు బంబూఫ్లాట్ ఒడ్డున ఉండేది. పోటు వస్తే పెరటి కొబ్బరిచెట్ల మొదళ్ల దాకా నీళ్లు వచ్చేవి, పాటుకు బురదలో ఎండ్రకాయలు చిటపటలాడేవి. రేకుల కప్పు మీద వాన మొదలైతే ఇంట్లో ఒకరి మాట ఒకరికి వినబడేది కాదు, అందుకని మా వాళ్లందరికీ అరిచి మాట్లాడటం అలవాటు. తాతల నాడు శ్రీకాకుళం రేవుల నుంచి వచ్చి వల వేసుకుని బతికిన కుటుంబం మాది. గడపకు లోపల తెలుగు, బయట హిందీ. ఒక్క కుక్కతో మాత్రం ఇంట్లోనూ హిందీయే మాట్లాడేవాళ్లం, ఎందుకో ఎవరూ ఆలోచించలేదు, దీవుల్లో కుక్కలన్నీ హిందీవే. నానమ్మ ఒక్కతే దాన్ని తెలుగులో తిట్టేది, అది తోకాడించుకుంటూ ఆమె కాళ్ల దగ్గరే పడుకునేది. "ఓలమ్మో, దీనికి మన మాట ఒక్కటీ తలకెక్కదు" అని మూతి తిప్పేది ముసల్ది.

ఆ కుక్కే భూరా. అవతలి ఒడ్డున చాతంలో చేపలు అమ్మి వస్తూ ఒకరోజు నాన్నే తెచ్చాడు దాన్ని, ఖాళీ చేపల బుట్టలో, తడిసిన తువ్వాలు కప్పి. నా ఒళ్లో పెట్టి "ఇది నీదే అమ్మలూ" అన్నాడు. ఆ మాట నాకిప్పటికీ చెవిలోనే ఉంది, అందుకే తర్వాత జరిగింది నేను మరిచిపోలేను.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో వైజాగ్ వెళ్లే ఓడ, మా మాటలో జహాజ్, ఎక్కి మేనత్త ఊళ్లో అమ్మవారి సంబరానికి వెళ్లాలని అనుకున్నారు. మెయిన్‌లాండ్ ప్రయాణమంటే మాకు ఊరికే అయ్యేది కాదు. జహాజ్ ఎప్పుడు బయల్దేరుతుందో రేడియోలో చెప్పేవారు, చెప్పిన రోజు మళ్లీ మారేది. అమ్మ జంతికలు వండి డబ్బాలకెత్తేది, తేదీ వెనక్కి పోయేది, మేం డబ్బాలు ఖాళీ చేసేవాళ్లం, అమ్మ అరిచి మళ్లీ పిండి కలిపేది. నానమ్మ ఎండుచేపలు వెదురు చాప మీద తిరగేస్తూ కాకుల్ని తోలేది. చుట్టాలకు ఇవ్వడానికి పడాక్ చెక్క అప్పడాల కర్రలు, అలలు కొట్టుకొచ్చిన గవ్వలు పాత చీర ముక్కల్లో చుట్టి మంచం కింద పెట్టేవాళ్లు. ఇల్లంతా ఎండుచేపల వాసన, వాము వేసిన నూనె వాసన, పెట్టెల్లో కలరా ఉండల వాసన. అందరి ప్రయాణమూ సర్దుతున్నారు గానీ భూరా మాట ఎవరూ ఎత్తడం లేదు.

నేనే ఎత్తాను. వల బాగుచేసుకుంటూ నాన్న తల ఎత్తకుండా అన్నాడు: "జహాజ్‌లో గొడవ సేయకుండా కూసోవాల. ముందు అది నేర్పు, అప్పుడు సూద్దాం."

ఇక చూడండి నా హడావిడి. పాత బియ్యం గోనె ఒకటి తీసుకుని, దాన్నీ భూరానీ వెంటేసుకుని రోజూ బడి వదిలాక చాతం ఫెర్రీ ఎక్కేదాన్ని. అటు వెళ్లి దిగకుండానే ఇటు వచ్చేవాళ్లం. డెక్ మీద ఒక మూల గోనె పరిచి "బైఠ్" అంటే కూర్చోవాలి, "చల్" అనేదాకా లేవకూడదు, అదీ మా పాఠం. మొదట్లో భోంపు మోగితే చాలు నా గౌనులో తల దూర్చేది. పక్కన ఎవరి బుట్టలోనైనా చేప కదిలితే దాని ముక్కు అటే లాగేది. ఎన్ని బెల్లం ముక్కలు కరిగించానో, ఎంత బతిమాలానో! చివరికి మేకల మంద మీద నుంచి తొక్కుకుంటూ పోయినా, జనం కాళ్లకు అడ్డమై విసుక్కున్నా, నా ముఖం చూస్తూ రాయిలా కూర్చునేది. ఫెర్రీ భయ్యాలు "మేడమ్ కీ ఫౌజ్ ఆ గయీ" అని, మేడమ్ గారి సైన్యం వచ్చేసిందని ఏడిపించేవాళ్లు. నాన్న కూడా ఒకరోజు మాతో ఎక్కి చూశాడు. "శభాష్" అన్నాడు. ఆ రాత్రి సంతోషంతో నాకు అన్నం సయించలేదు.

బయల్దేరే రోజు పొద్దున్న నాన్న చెప్పాడు, జంతువులు మనుషులతో జహాజ్ ఎక్కవట, సామాన్ల బోటులో ముందు వెళ్లి ఓడ అడుగున హోల్డ్‌లోకి ఎక్కుతాయట. నాకు అనుమానమే రాలేదు. ఎందుకొస్తుంది? మా దీవుల్లో కోళ్లు, మేకలు, సిమెంటు, కూరగాయలు అన్నీ వేరే బోట్లలోనే కదా వచ్చిపోయేది. అమ్మ కూడా అవునవునంది. నానమ్మ మాత్రం భూరా పళ్లెం అందుకుంది. వంజరం ముక్క వేసి అన్నం కలిపి భూరాకు పెట్టింది, కొత్త పడవకు పెట్టినట్టు నుదుటి మీద పసుపూ కుంకుమా పెట్టింది, వీపు నిమిరి "ఎల్లు బావూ" అంది. నేను ఆశ్చర్యంగా చూశాను. వీధి చివరి కొట్టుకు పోతున్నా "ఎల్తాను అనకూడదే గుంటా, ఎల్లొత్తాను అనాల" అని మా వీపులు చరిచే మనిషి, భూరాను మాత్రం ఎల్లి రమ్మనలేదు. అడుగుదామనుకుంటే పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

జెట్టీ దగ్గర సామాన్ల బోటు ఉంది. డిగ్లీపూర్ నుంచి బియ్యం, అరటిగెలలు తెచ్చి అమ్మే బెంగాలీ దాదాది అది. నాన్న తాడు పట్టి లాగితే భూరా నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి కదల్లేదు. "నువ్వే ఎక్కించమ్మలూ" అన్నాడు నాన్న. నేను బోటులోకి దూకి, అరటిగెలలు దించిన చోట మా గోనె పరిచి, పిలిచాను. ఒక్క గంతులో వచ్చేసింది. "బైఠ్" అన్నాను. కూర్చుంది. నేను జెట్టీ మీదికి ఎక్కి వచ్చేశాను, మోటారు మొదలైంది, అది నా వైపే చూస్తూ కూర్చుంది. మొరగలేదు. జహాజ్‌లో కలుద్దామని అరుస్తూ బోటు మలుపు తిరిగేదాకా చెయ్యి ఊపాను.

జహాజ్‌లో నా వాటా పూరీల్లో సగం పేపర్లో చుట్టి దాచాను. హోల్డ్ వైపు మెట్ల దగ్గర తచ్చాడుతుంటే ఒక ఖలాసీ భయ్యా ఆపి ఏం కావాలన్నాడు. కుక్కకు పూరీ ఇవ్వాలన్నాను. ఆయన పక్కవాడికి చెప్పి నవ్వాడు, ఈ జహాజ్‌లో కుక్కలేమీ లేవు బేటీ అన్నాడు. నేను నమ్మలేదు. పరుగెత్తుకెళ్లి బంకు మీద పడుకున్న నాన్నను లేపాను.

"డిగ్లీపూర్ దాదాకి ఇచ్చేసినాను" అన్నాడు నాన్న. "పంట సేలో జింకలు పడతన్నాయంట, కుక్క కావాలన్నాడు. మనమొచ్చేస్తే ఊళ్లో దాన్నెవలు సూత్తారు?"

"మరి నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే నువ్వు ఎక్కించుదువా? నానెక్కిస్తే ఎక్కుద్దా అది?"

అంతే. అటు తిరిగి పడుకున్నాడు. నాకు ఏడుపు కూడా రాలేదు. అంటే ఫెర్రీ ఎక్కి చూసిన రోజున "శభాష్" అన్నది కూడా ఇందుకేనా? నా బెల్లం ముక్కలు, నా పాఠాలు, అన్నీ దాన్ని చప్పుడు లేకుండా సాగనంపడానికా? నానమ్మ దగ్గరకు పోయి కూర్చున్నాను. ఆమె నన్ను దగ్గరకు లాక్కుంది గానీ నా ముఖం చూడలేదు. ఇంట్లో అందరిలోకీ అబద్ధమాడలేకపోయింది ఆమె ఒక్కతే, కానీ నిజం చెప్పే ధైర్యమూ చేయలేదు. సంబరంలో నాన్న గాజులు కొనిపెట్టాడు, రంగులరాట్నం ఎక్కించాడు. గాజులు నేను వేసుకోలేదు.

వానలు మొదలయ్యాక దాదా మళ్లీ బంబూఫ్లాట్ వచ్చాడు. పాపం, ఆయనకేమీ తెలియదు. నన్ను చూడగానే "బేటీ, తేరా కుత్తా బహుత్ సీధా హై" అని, నీ కుక్క చాలా బుద్ధిగలదని మెచ్చుకున్నాడు. దారి పొడవునా గోనె మీంచి లేవలేదట. నీళ్లు పెట్టినా తాగలేదట. ఊరొచ్చాక ఎంత పిలిచినా కదలకపోతే, ఇద్దరు మనుషులు గోనెను నాలుగు మూలలా పట్టుకుని దాంతో సహా ఒడ్డుకు దించారట. అది నవ్వు పుట్టించే కథ అనుకుని చెప్పాడాయన, నాన్న కూడా నవ్వాడు. దానికి "చల్" అని చెప్పాల్సింది నేను, నేను అక్కడ లేను. తర్వాత అది ఎన్నేళ్లు బతికిందో అడగలేదు, దాదా బోటు వస్తే నేను పెరటి దారిన బయటికి పోయేదాన్ని.

ఆ ఒడ్డు ఇప్పుడు లేదు. సునామీ తర్వాత నేల కుంగి, మా ఇల్లున్న చోట పోటుకు నీళ్లు నిలబడతాయి, తలలు పోయిన కొబ్బరి మానులు నీళ్లలో కనిపిస్తాయి. జహాజ్ తేదీలు ఫోన్లోనే చూసుకుంటున్నారు. నానమ్మ పోయింది, ఎండుచేపల చాపా పోయింది. పిల్ల మనసుకు దెబ్బ తగలకూడదని పెద్దవాళ్లు అలా చేస్తారని నాకు చాలామంది చెప్పారు. చెప్పి ఏడిపించినా నేను ఓర్చుకునేదాన్ని. మెడ పట్టుకుని ఏడ్చి, నా చేత్తోనే సాగనంపేదాన్నేమో కూడా. ఆ వీలు నాకు ఇవ్వలేదు కదా, అదే నా కోపం, అది ఇప్పటికీ తగ్గలేదు.

నిన్న వరండాలో నాన్నే వచ్చి నా చేతిలోంచి గోనె తీసుకున్నాడు. ఆయన మాతోనే ఉంటాడు, డిగ్లీపూర్‌కూ వస్తున్నాడు. సెలవులంటే ఆయనకూ సరదాయే. గోనెను చక్కగా నేల మీద పరిచి, లడ్డూను పిలిచి, "బైఠ్" అన్నాడు. లడ్డూ ఆయన చేతులు నాకింది, గోనె కొస పళ్లతో పట్టుకుని ఇల్లంతా లాక్కుపోయింది. మా అమ్మాయి విరగబడి నవ్వింది.

"ఏటమ్మా, ఇన్నేళ్లొచ్చినా దీనికి కూసోడం కూడా నేర్పనేదేటి?" అన్నాడు నాన్న.

"నేర్పలేదు నాన్నా" అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూశాడు. అలా చూస్తూనే, "దాదాకిచ్చిన ఆ కుక్క పేరేటమ్మా?" అని అడిగాడు.