తమ్ముడి క్లారినెట్

ఆ వీధిలో అందరూ ఆమెను క్లారినెట్ అక్క అనేవాళ్లు. ఊదుతుందని కాదు, బాగుచేస్తుందని.

ఆమెకు పన్నెండేళ్లప్పుడు తండ్రి ఒక క్లారినెట్ కొని తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టాడు. "మరి నాకో?" అంటే, "ఇద్దరూ ఊదితే మేం ఇంట్లో ఉండొద్దూ!" అని నవ్వేశాడు. తమ్ముడు ఆటలకు పోయినప్పుడల్లా దొంగచాటుగా ఊది నేర్చుకుంది. పట్టుబడ్డ రోజున తండ్రి ఒక్క దెబ్బ వెయ్యలేదు గానీ పెట్టెకు తాళం వేశాడు. తర్వాత మేనమామ నడిపే వాయిద్యాల రిపేరు షాపులో కూర్చోబెట్టాడు. అలా ఆమె చేతికి క్లారినెట్లు రానే వచ్చాయి, పాడైపోయినవి.

నలభై ఏళ్లు గడిచాయి. మేనమామ పోయాడు, షాపు ఆమెదైంది. ఊరి బ్యాండులో ముఖ్య క్లారినెట్ వాయించేది తమ్ముడే. అయినా ఏనాడూ అక్క షాపు గడప తొక్కలేదు. "ఇంట్లోవాళ్ల పని నమ్మకూడదు" అని పదిమందిలో జోకులేసేవాడు. అలాంటివాడు ఒక మధ్యాహ్నం పెట్టె చంకన పెట్టుకుని, మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"పై స్వరాలు పలకట్లేదక్కా. ఎక్కడో గాలి పోతోంది. వచ్చేవారం బ్యాండు మాస్టరు ఒక్కొక్కళ్లనీ విడిగా వింటాడట. నీ చేతిలో పెడుతున్నా."

మూడు రోజులు దాంతోనే కూర్చుంది. మీటలన్నీ విప్పింది. రంధ్రాల్లో గడ్డకట్టిన మురికి తీసింది. రంధ్రాలు మూసే ప్యాడ్లు చిట్లినవి పీకి కొత్తవి అతికించి, ఒక్కోదాని కింద సన్నటి కాగితం పెట్టి లాగింది. గాలి పోకుండా కాగితం బిగుసుకుంటేనే తర్వాతదాని జోలికి వెళ్లింది. తుప్పుపట్టిన స్ప్రింగులు మార్చింది. అతుకుల దగ్గర కొత్త కార్కు చుట్టింది. చివరికి మూతి దగ్గర తన సొంత రీడ్ పుల్ల బిగించి ఊదితే, అడుగు నుంచి పైదాకా ఒక్క స్వరమూ తడబడలేదు. పక్క షాపు టైలరు మిషను ఆపి తొంగిచూశాడు. ఆమె గబగబా తుడిచి పెట్టెలో పెట్టేసింది.

మర్నాడు తమ్ముడు వచ్చి ఊదాడు. పై స్వరం కీచుమంది. మళ్లీ ఊదాడు. మళ్లీ అదే. అప్పుడు చూసిందామె. వాడికి కింద ముందుపళ్లు రెండు లేవు. పెదవి లోపలికి కుంగి, ఆ పక్కనుంచి గాలి బుస్సున జారిపోతోంది.

"ఏం చేశావక్కా దీన్ని?"

"దానికేం లేదురా. ముందు పళ్లు కట్టించుకో. పెదవికి ఆసరా లేదు."

"నా పళ్లకేం? చిన్నప్పట్నుంచీ దీనిమీదే నీ కన్ను. ఇన్నాళ్లకి కసి తీర్చుకున్నావు!"

ఆమె చెయ్యి క్లారినెట్ దాకా వెళ్లింది. తను ఒక్కసారి ఊది చూపిస్తే చాలు, వాడి నోరు మూతపడేది. కానీ గుమ్మంలో టైలరు నిలబడి చూస్తున్నాడు. తల నెరిసిన తమ్ముడి కళ్లలో బెదురు కనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

వారం తిరక్కుండా బ్యాండులోంచి వాణ్ని తీసేశారు. "సొంత అక్కే పాడుచేసింది, అడిగితే నోరెత్తలేదు" అని ఊరంతా చెప్పుకున్నాడు. బ్యాండువాళ్లు రిపేరుకిచ్చిన మిగతా వాయిద్యాలు పట్టుకుపోయారు. తల్లి ఫోన్ చేసింది.

"వాడి పొట్టకొట్టడానికి నీకు చేతులెలా వచ్చాయే?"

"నేనేం చెయ్యలేదమ్మా."

"మరి అప్పుడే పదిమందికీ ఎందుకు చెప్పలేదు?"

ఆమె ఫోన్ పెట్టేసింది. తమ్ముడి మీద ఆమెకు కోపం ఎంతోకాలం నిలవలేదు. ఆ రోజు జాలిపడినందుకు తనమీద పుట్టిన కోపమే, ఏళ్లు గడిచినా, తగ్గలేదు.