రేడియోలో నా ఇంగ్లిష్ బడి

సౌదీలోని దమ్మామ్‌లో ఇసుక తుఫాను కూడా ఆపలేని సైటును నేనొక్కణ్ణి, నోటితో ఆపేశాను. ఎలాగో చెబుతాను. నవ్వండి, కాకపోతే మధ్యమధ్యలో నా మీద కాస్త జాలి కూడా పడండి.

అప్పుడు నేను జగిత్యాల నుంచి వెళ్లిన పైప్ ఫిట్టర్ని. ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అయింది. అది వస్తే ఫ్యామిలీ వీసా వస్తుంది. మా ఆవిడ అప్పటికే సూట్‌కేసు కొనేసింది. ఇంటర్వ్యూ చేసేది డచ్ ఇంజినీరు. చిన్నప్పుడు ఇంగ్లిష్ క్రియలు ఆయన్నీ బాగా ఏడిపించాయట. ఆ కసి మా మీద తీర్చుకుంటూ, ఎవరొచ్చినా "గో, వెంట్, గాన్" మాదిరి మూడు రూపాలూ అప్పజెప్పించుకునేవాడు. నిన్న జరిగింది రాయలేనివాడు రిపోర్టేం రాస్తాడని ఆయన వాదన.

నాకు పోటీ కర్నూలు గఫూర్ భాయ్, క్రేన్ ఆపరేటర్.

మనకు చదువంటే గొంతెత్తి చదవడమే కదా! ఇంటర్వ్యూకి ముందురోజు పైపుల గుట్ట వెనక కూర్చుని, ఊగుతూ బట్టీ మొదలుపెట్టాను. చొక్కా జేబులో వాకీటాకీ, దాని పక్కనే కుక్కిన కటింగ్ ప్లేయర్. వాకీటాకీ బటన్ నొక్కి ఉన్నంతసేపూ మన గొంతే అందరికీ వినబడుతుంది, ఇంకెవరూ మాట్లాడలేరు. ఆ ప్లేయర్ సరిగ్గా ఆ బటన్ మీదే కూర్చుందని నాకేం తెలుసు?

"ఈట్, ఏట్, ఈటెన్! కట్, కట్, కట్! మూడుసార్లు ఒక్కటేనాయె, గిదేం భాషరా నాయనా!"

అంతటితో ఊరుకున్నానా? నా నోరు అలాంటిది కాదు.

"గా గఫూర్ భాయ్‌కి యస్, నో తప్ప ఏమొస్తది? ఆయన ఫోర్‌మన్ అయితే ఒంటె పైలట్ అయితది!"

ఆ సమయానికి గఫూర్ భాయ్ క్రేన్ మీదున్నాడు. కొక్కేనికి పైపుల కట్ట వేలాడుతోంది. రేడియోలో కబురు రానిదే దించకూడదని రూలు. కబురు చెప్పాల్సినవాడికి నేను సందివ్వలేదు. సైటంతా చేతులు కట్టుకుని నా పాఠం వింది.

చివరికి పాకిస్తానీ సేఫ్టీ భాయ్ రొప్పుకుంటూ వచ్చాడు.

"అరే భాయ్, బటన్ ఛోడ్!"

"కౌన్‌సా బటన్?"

"కౌన్‌సా బటన్?" అని ఆయన నడుముకున్న రేడియోలోంచి నా గొంతే అరిచింది. నా ప్రాణం అక్కడే పోయింది.

మర్నాడు ఇంటర్వ్యూలో ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. డచ్ సార్ నవ్వాడు.

"నిన్ననే విన్నాను. అన్నీ కరెక్టే."

"మరి పోస్టు సార్?"

"గఫూర్‌కి కూడా అన్నీ వచ్చు. పైగా బటన్ వదలడం కూడా వచ్చు."

బయట గఫూర్ భాయ్ ఖర్జూరాల డబ్బాతో నిలబడి ఉన్నాడు.

"నీకెట్లొచ్చినయ్ భాయ్ అన్ని?" అన్నాను ఏడుపు మొహంతో.

"నీ పుణ్యమే అబ్బీ! పైన్నుంచి దిగేదానికి లేదు, రేడియో కట్టేసేదానికి లేదు. పొద్దుగూకులూ నువ్వు చెప్తానే ఉంటివి, నేను నేర్చుకుంటానే ఉంటిని." ఖర్జూరం నా నోట్లో పెట్టి, మెల్లగా అడిగాడు. "అది సరేగానీ, ఆ ఒంటె పైలట్ ఎప్పుడైతాదబ్బీ?"

సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆవిడకు చెబితే, సూట్‌కేసులో బియ్యం పోసుకుంటానంది.

అందుకే అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో చదివితే మనసులోనే చదువుతాను. ఎవరినైనా ఆడిపోసుకోవాలనిపిస్తే పక్కనున్న అల్ ఖోబర్ వెళ్లి సముద్రంలో పీకల్లోతు దిగి, జేబులన్నీ తడుముకున్నాకే నోరు తెరుస్తాను.