కిటికీలు లేని పాక

మాంచెస్టర్‌లో నేనుండే ఫ్లాట్ కింద ఈ మధ్య ఒక థాయ్ హోటల్ వెలిసింది. మధ్యాహ్నం అయ్యేసరికి వాళ్లు కిటికీలు బార్లా తెరిచి ఎండు రొయ్యలు వేయిస్తారు. ఆ వాసన ట్రామ్ స్టాప్ దాకా పోతుంది. దాన్ని పట్టుకుని జనం వస్తారు, వానలో గొడుగులేసుకుని క్యూ కడతారు, పళ్లెం ముందుకు రాగానే ఫొటో తీసుకుని "ఎంత అథెంటిక్!" అని మురిసిపోతారు. వాళ్లని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆకలి కూడా వేస్తుంది, అది వేరే సంగతి.

ఎందుకు మండుతుందో తెలియాలంటే ఈ దేశంలోనే బ్రాక్‌నెల్ అనే ఊళ్లో మా చిన్నప్పటి ఫ్లాట్ గురించి చెప్పాలి. అమ్మది నరసాపురం. ఎండు చేపో ఎండు రొయ్యో లేనిదే ఆమెకి అన్నం సయించదు. కానీ వాటిని వండడం మా ఇంట్లో పెద్ద తతంగం. ముందుగా అందరి కోట్లూ, మా స్కూలు బ్లేజర్లూ, నాన్న ఆఫీసు సూటూ మోసుకెళ్లి కారు డిక్కీలో పెట్టాలి, తలుపు కింద తడి తువ్వాలు కుక్కాలి, పొగ అలారానికి ప్లాస్టిక్ సంచి తొడగాలి, కిటికీలన్నీ బిగించి అగరొత్తులు వెలిగించాలి. నాలుగింటికే చీకటిపడే చలికాలంలో, ఆవిరి పట్టిన అద్దాల మధ్య, కారానికి కళ్లు నీళ్లు కారుతుంటే అమ్మ దొంగతనం చేస్తున్నట్టు గబగబా కలియబెట్టేది. ఇంత చేసినా ఒకసారి పక్క ఫ్లాటావిడ తలుపు తట్టి, ఎంతో మర్యాదగా, "మీ డ్రైన్‌లో ఏమైనా చచ్చిందా, డియర్?" అని అడిగింది. అమ్మ సారీ చెప్పింది. పిల్లలకి కూర వండినందుకు సారీ! ఆ తర్వాత ఎండు రొయ్యలు మా గుమ్మం తొక్కలేదు.

ఆ మరుసటి వేసవి సెలవుల్లో ఇండియా వెళ్తూ, చుట్టుదారైనా థాయ్‌లాండ్ మీదుగా టికెట్లు చవగ్గా దొరికాయని నాన్న మమ్మల్ని ముందు అక్కడి ఒక బుల్లి దీవికి తీసుకెళ్లాడు. పడవ దిగగానే ఉప్పుగాలితో పాటు ఆ వాసనే తగిలింది. ఇసుకలో వెదురు తడికెల మీద రొయ్యలూ చేపలూ ఎండుతున్నాయి. అమ్మ చేతిలో సంచి దించకుండా, కళ్లు మూసుకుని, అక్కడే నిలబడిపోయింది.

ఒడ్డునే కొబ్బరాకుల పాకలో ఒకావిడ భోజనాలు పెట్టేది. మేం ఆవిణ్ణి ఆంటీ అనేవాళ్లం. పాకకి నాలుగు గుంజలూ పైకప్పూ తప్ప గోడల్లేవు. ఆవిడ మిరపకాయలూ వెల్లుల్లీ రోట్లో దంచి, పచ్చిమామిడి కోరులో కలిపి, పైన వేయించిన ఎండు రొయ్యలు చల్లి ఇచ్చింది. ఒక్క ముద్ద తినగానే అమ్మ కేకేసింది.

"ఏవండోయ్, ఇది మా అమ్మ చేసే మావిడికాయ ఎండ్రొయ్యలేనండి! పోపొక్కటే తక్కువ!"

"మెల్లిగా అనవే, అందరూ చూత్తన్నారు," అన్నాడు నాన్న.

"చూత్తే చూడనీండి. ఇక్కడ మూసుకోడానికి కిటికీలే లేవు కదా!"

ఆ వారమంతా పొద్దున్నే గంజన్నంలోకి ఎండుచేప, మధ్యాహ్నం పుల్లగా నషాళానికంటే చేపల పులుసు, సాయంత్రం నిప్పుల మీద అరిటాకులో కాల్చిన చేప, ఆపైన ఉప్పూకారం అద్దిన మామిడిముక్కలు. సింకు దగ్గర నిలబడి నాలుగు మెతుకులు తినే మా అమ్మ, అక్కడ చాప మీద బాసింపట్టు వేసుకుని, చేపతలకాయ చప్పరిస్తూ, మారు వడ్డించుకుని తినడం చూశాను. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా, కారం చాలదని అమ్మా, చాలునని ఆంటీ రోకలి లాక్కుంటూ నవ్వుకునేవాళ్లు. ఊరూ పేరూ సరిగ్గా తెలియని దీవిలో తలెత్తుకుని తిన్న మనిషి, తను పన్నులు కట్టే ఊళ్లో తలుపు కింద తువ్వాలు కుక్కుకోవాలా? ఇదెక్కడి న్యాయం?

మొన్నామధ్య ఆ దీవికెళ్లిన నా స్నేహితురాలు ఫొటోలు చూపించింది. పాక ఉన్నచోట అద్దాల గోడలు, ఏసీ, బర్గర్లు. తడికెలు లేవు. వాసనొస్తోందని టూరిస్టులు ముక్కు మూసుకుంటే తీయించేశారట. అక్కడ కూడా!

పోయిన శనివారం అమ్మ బ్రాక్‌నెల్ నుంచి వచ్చింది. కింద క్యూని వింతగా చూసింది. పైకి రాగానే పంతం కొద్దీ కిటికీ బార్లా తెరిచి, మూకుడు పెట్టి, ఎండు రొయ్యలు వేశాను. వెనకాల కిటికీ మూసిన చప్పుడైంది.

"తెరిచే ఉంచమ్మా. ఈ వాసన కోసమే కింద జనం తడుస్తూ నిలబడ్డారు."

"ఆళ్లది హోటలు. మనది ఇల్లు," అంది.

వెనక్కి తిరిగాను. నా కోటూ తన కోటూ చేతుల మీద వేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"కారు తాళం ఎక్కడెట్టావే?"

నాకు కారు లేదు. ఆ సంగతి అమ్మకి తెలుసు. స్టేషన్ నుంచి ఇద్దరం ట్రామ్‌లోనే వచ్చాం.